ఆటో అంటేనే వణుకు

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు. రెండు నెలల క్రితం స్కూలు ఆటో బోల్తాపడి చెయ్యి విరిగింది. చెయ్యి అతుక్కుంది గానీ ఆటో చూస్తే వణికిపోతోంది, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తోంది. నేనే చుట్టుదారిలో స్కూటీ మీద దింపుతున్నాను. ఇంట్లో ఆ మాటే ఎత్తట్లేదు. వాళ్ల నాన్నేమో ‘ఇంకా ఎన్నాళ్లీ భయం’ అని కసురుతారు. ఏం చేయాలి?

జవాబు: ప్రమాదం జరిగిన కొత్తలో పీడకలలు, ఉలికిపాటు చాలామంది పిల్లల్లో కనిపిస్తాయి, వాటంతటవే తగ్గుతాయి. నెల దాటినా తగ్గకపోతే పీటీఎస్‌డీ (ప్రమాదం లాంటి ఘటన తర్వాత వదలకుండా వేధించే మానసిక సమస్య) ఏమో చూడాలి. మీకు రెండు నెలలైంది కాబట్టి సైకియాట్రిస్టుకో, క్లినికల్ సైకాలజిస్టుకో చూపించండి.

చుట్టుదారిలో వెళ్లిన ప్రతిసారీ పాపకు ప్రాణం కుదుటపడుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. ‘ఆటో ఎక్కలేదు కాబట్టే ఏమీ కాలేదు’ అని మనసు లెక్కేసుకుంటుంది. ఎక్కి క్షేమంగా దిగొచ్చన్న సంగతి తెలిసేదెప్పుడు? అలాగని వాళ్ల నాన్న ఒక్కసారిగా ఆటో ఎక్కించి ప్రమాదం జరిగిన చోటికే లాక్కెళితే, భయం తారస్థాయిలో ఉండగా దిగి పారిపోతుంది. అప్పుడు భయం ఇంకాస్త గట్టిపడుతుంది.

నిపుణులతో మాట్లాడుకుని మెట్టుమెట్టుగా వెళ్లండి. ముందు ఆగి ఉన్న ఆటోలో, మీరు పక్కన కూర్చుని, పది పదిహేను నిమిషాలు. తర్వాత మీ వీధిలోనే అటూ ఇటూ. ఆపైన వేరే దారిలో స్కూలుకు. ప్రమాదం జరిగిన రోడ్డు చిట్టచివరన. భయానికి పదికి ఎన్ని మార్కులో పాపనే అడగండి. ఎనిమిది కాస్తా నాలుగుకు వచ్చాకే దిగాలి. ఒక్కో మెట్టూ వరసగా మూడు నాలుగు రోజులు చేయించండి. వారానికోసారి చేస్తే ప్రతిసారీ మొదటికొస్తుంది. నెమ్మదిగా నడిపే డ్రైవర్‌ని చూసుకోండి. మీరు కడ్డీ పట్టుకుని బిగుసుకుపోతే మాత్రం ఇదంతా దండగ, పాప చూసేది మీ ముఖమే.

ఇంట్లో మౌనం కూడా మంచిది కాదు. ‘చెబితే అమ్మ ఏడుస్తుంది’ అని పిల్లలు దాచేస్తారు. ‘ఎప్పుడు చెప్పాలనిపించినా వింటాను’ అని ఒకసారి చెప్పండి, గుచ్చి గుచ్చి అడగొద్దు. ‘నా వల్లే లేటైంది, అందుకే ఇలా అయింది’ అంటే కొట్టిపారేయకుండా, ఎందుకలా అనిపిస్తోందో పూర్తిగా చెప్పనివ్వండి. పలకరింపుకొచ్చిన చుట్టాలకు పాప ఎదుట ప్రమాదాన్ని వర్ణించడం ఆపండి. దిష్టి తీయించుకోండి, నష్టమేం లేదు. ‘దాని జాతకమే అంత’ అనకండి.

నిద్రమాత్రలు సొంతంగా వేయొద్దు. ఇలాంటి భయాలకు మాటలతో, ఆలోచనలను మార్చే సాధనతో చేసే ట్రామా-ఫోకస్డ్ సీబీటీ అనే చికిత్సకు సాధారణంగా 12 నుంచి 16 సెషన్లు పడతాయి. అందులో తల్లిదండ్రులకూ విడిగా సమయం ఉంటుంది, మీ ఇద్దరూ వెళ్లండి. ‘బతకాలని లేదు’ అంటే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.