వెండి-రాగి ఫిల్లర్ అల్యూమినాకి ఎందుకు అతకదు?

బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యాలో వాక్యూమ్ బ్రేజింగ్ (గాలి తీసేసిన ఫర్నేస్‌లో ఫిల్లర్ అనే లోహాన్ని కరిగించి రెండు ముక్కల్ని అతికించడం) చేసేవాళ్లకి తెలిసిన తలనొప్పే ఇది: ఫిల్లర్ నికెల్ పూత ఉన్న స్టీలు మీద చక్కగా పారుతుంది, పక్కనే ఉన్న అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్ సిరామిక్) మీద మాత్రం గుండులా ముడుచుకుంటుంది. ఫర్నేస్‌ని తిట్టకండి, వేడి పెంచినా దారికి రాదు.

కరిగిన రాగి తలతన్యత (ద్రవాన్ని బొట్టుగా ముడిచే గుణం) మామూలు నీటికి సుమారు 18 రెట్లు. అయితే అసలు అడ్డంకి వేరు. అల్యూమినాలో అల్యూమినియం, ఆక్సిజన్‌ల బంధం చాలా గట్టిది. దాన్ని తెంచడం రాగి, వెండిల తరం కాదు. అందుకే స్పర్శకోణం (బొట్టు అంచు ఉపరితలంతో చేసే కోణం) 90 డిగ్రీలు దాటుతుంది, అంటే ద్రవం పరుచుకోదు.

అదే ఫిల్లర్‌లో 2 శాతం దాకా టైటానియం కలపండి. దానికి ఆక్సిజన్ అంటే ప్రాణం. అల్యూమినా నుంచి కొంత లాక్కుని, హద్దు దగ్గర పలచటి కొత్త పొర కడుతుంది. ఆ పొరకి లోహ లక్షణాలు కొన్ని ఉంటాయి కాబట్టి ద్రవం దానిమీద పరుచుకుంటుంది. కాకపోతే బొట్టు ఒక్కసారిగా పారదు. పొర పెరిగినకొద్దీ అంచు మెల్లగా జరుగుతుంది. కాబట్టి ఫిల్లర్ 780 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగినా, 830-850లో కొన్ని నిమిషాలు నిలపాలి.

వాక్యూమ్ లీకైతే మాత్రం టైటానియం ముందు గాలిలోని ఆక్సిజన్‌తోనే కలిసిపోతుంది, సిరామిక్‌కి ఏమీ మిగలదు.