డీసీ పాత రో హౌస్‌లు: ముందు చూసి మురవకండి, వెలుతురు చూడండి

వాషింగ్టన్ డీసీలో బ్లూమింగ్‌డేల్, మౌంట్ ప్లెజంట్ పేటల వైపు పాత రో హౌస్‌లు, అంటే గోడకి గోడ ఆనించి వరసగా కట్టిన ఇళ్ళు, చూస్తున్నామని, అన్నీ ఒకేలా ఉన్నాయని, తేడా ఎలా తెలుస్తుందని అడిగారు కదండీ. నేను ఉండేది బ్లూమింగ్‌డేల్‌లో అలాంటి ఇంట్లోనే. రెండు పక్కలా ఉమ్మడి గోడలే కాబట్టి అటు కిటికీలుండవు. ఏ కాలం నాటి ఇల్లయినా అసలు సమస్య వెలుతురే, కట్టినవాడు దానికేం చేశాడో చూస్తే వయసు కూడా చాలావరకు తెలిసిపోతుంది.

ఊళ్ళో మొదటి ఎలక్ట్రిక్ ట్రామ్ 1888లో పక్కనున్న ఎకింగ్టన్‌కి వచ్చింది. ఆ తర్వాతి రోజుల ఇళ్ళకి ముందు బే, అంటే కిటికీలున్న గది భాగం, పొడుచుకొచ్చి ఉంటుంది, కొన్నిటికి పైన బురుజులాంటి కప్పు. ఇంటి ముందు తోటలో చాలా భాగం నిజానికి నగరానిది. 1870లలోనే బేలు, మెట్లు అందులోకి రావచ్చని అనుమతిచ్చారు. ఇల్లు చూస్తే పదహారు, పద్దెనిమిది అడుగుల వెడల్పు. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగే రకం బిల్డర్లు వదుల్తారా? మీరు మాత్రం అక్కడ కంచె వేయాలన్నా ముందు పర్మిషన్ సంగతి కనుక్కోండి.

ఈ ఇళ్ళలో వెనక భాగాన్ని సన్నగా కట్టి, పక్కన చిన్న సందు వదిలారు. నడి గదికి వచ్చే కాస్త వెలుగూ ఆ సందులోంచే. మా ఇంట్లో గది తలుపు పైన చిన్న అద్దం ఉంది, ఇత్తడి కడ్డీ తోస్తే తెరుచుకుంటుంది. ఎవరో దానికీ రంగు పూసేశారు. గీకి తెరిచాక నడవలోకి గాలీ వెలుతురూ వచ్చాయి. మీరు చూసే ఇంట్లో అలాంటిది మూసేసి ఉంటే తెరిపించండి, పారేయనివ్వకండి.

1910 ప్రాంతానికి వచ్చేసరికి పద్ధతి మారింది. హ్యారీ వార్డ్‌మన్ లాంటి బిల్డర్లు బే బదులు ముందు వరండా పెట్టి, వెనక వైపు కూడా పూర్తి వెడల్పుతో కట్టారు. మౌంట్ ప్లెజంట్‌లో, 1903లో ట్రామ్ లామాంట్ స్ట్రీట్ దాకా వచ్చాక నిండిన వీధుల్లో ఇవే ఎక్కువ. పై అంతస్తు వెనక స్లీపింగ్ పోర్చ్, అంటే గాలికి పడుకునే వసారా, ఉంటుంది, ఏసీలు లేని రోజుల్లో మనం డాబా మీద పక్కలు వేసుకున్నట్టే. తర్వాత చాలామంది దాన్ని మూసేసి బెడ్‌రూమ్ అంటున్నారు. చలికాలం పొద్దున చెప్పుల్లేకుండా అందులో నిలబడి చూడండి.

ఇటుకల మధ్య పాయింటింగ్, అంటే సందుల్లో నింపిన పూత, కూడా చూడండి. పాత మెత్తటి ఇటుకకి సున్నమే పడుతుంది. మా వీధిలో ఒకరు గట్టి సిమెంటు పెట్టిస్తే చెమ్మ బయటికి పోయే దారి లేక ఇటుకల ముఖాలు పెచ్చులూడాయి.

బ్లూమింగ్‌డేల్‌లో అయితే బేస్‌మెంట్ అద్దె లెక్కలు వేసుకునే ముందు 2012 వేసవి వరదల గురించి పక్కింటివాళ్ళని అడగండి. తర్వాత ఆ నీళ్ళ కోసం పెద్ద సొరంగం తవ్వారు, పరిస్థితి మెరుగే. అయినా డ్రైనేజీ నీళ్ళు వెనక్కి తన్నకుండా వాల్వ్ ఉందో లేదో ఇన్‌స్పెక్టర్ చేత చూపించుకోండి.