రాత్రివేళ ఎగిరే సరుకు విమానాలు

ప్రశ్న: సాయంత్రం కొరియర్‌లో ఇచ్చిన పార్సిల్ మర్నాడు ఉదయానికే ఢిల్లీ చేరుతోంది. ప్రయాణికుల విమానాలు ఇన్ని ఉండగా, బ్లూ డార్ట్ సంస్థ సరుకు కోసం సొంత విమానాలు ఎందుకు నడుపుతోంది? దాని చరిత్ర, పనితీరు వివరించగలరా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అసలు కారణం వేళ. ప్రయాణికులు ఎక్కువగా పగటిపూట తిరుగుతారు. కర్మాగారాలు, దుకాణాలు, కార్యాలయాలు మాత్రం రోజంతా పనిచేసి సాయంత్రానికి గానీ పార్సిళ్ళు సిద్ధం చేయవు కనుక, వాటిని తెల్లవారేసరికి దూర నగరాలకు చేర్చాలంటే విమానం రాత్రిపూటే ఎగరాలి. పైగా ప్రయాణికుల విమానంలో సరుకుకు దక్కేది వారి సామాను పెట్టగా మిగిలిన చోటే. బరువు తగ్గించుకోవలసి వస్తే ముందుగా దించేదీ సరుకునే.

ఈ పద్ధతి మన దేశానికి కొత్త కాదు. 1949లోనే ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి రాత్రి బయలుదేరిన టపా విమానాలు నాగపూర్‌లో కలుసుకొని, సంచులు మార్చుకొని, ఉదయానికల్లా తిరిగి తమ తమ నగరాలకు చేరుకునేవి. మన పౌర విమానయాన చరిత్రలో ఇంతకన్నా చక్కని ఏర్పాటు మరొకటి లేదని నా అభిప్రాయం.

1953 నాటి ఎయిర్ కార్పొరేషన్స్ చట్టంతో షెడ్యూల్డ్ (నిర్ణీత వేళల ప్రకారం నడిచే) విమాన సర్వీసులు ప్రభుత్వ సంస్థల గుత్తకు వచ్చాయి. ఆ చట్టం 1994లో రద్దయింది. బొంబాయిలో 1983లో క్లైడ్ కూపర్, తుషార్ జానీ, ఖుష్రూ దుబాష్ కలిసి స్థాపించిన కొరియర్ సంస్థ బ్లూ డార్ట్, ఆ తరువాతనే సొంత విమానాల వైపు అడుగు వేయగలిగింది. చెన్నై ప్రధాన కేంద్రంగా ఏర్పడిన బ్లూ డార్ట్ ఏవియేషన్ 1996లో బోయింగ్ 737-200 విమానాలతో సర్వీసులు ప్రారంభించింది. 2005లో అంతర్జాతీయ కొరియర్ సంస్థ డీహెచ్ఎల్ ఇందులో మెజారిటీ వాటా తీసుకుంది. మరుసటి ఏడాది నుంచి 25 టన్నులకు పైగా మోయగల బోయింగ్ 757-200లు వచ్చాయి. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్, అహ్మదాబాద్ దాని ప్రధాన విమానాశ్రయాలు.

సాయంత్రం సేకరించిన పార్సిళ్ళను ఎక్స్‌రే తనిఖీ చేసి, గమ్యాల వారీగా వేరుచేసి, కంటైనర్లలోకీ ప్యాలెట్ల (సరుకు పేర్చే బల్లపరుపు పలకల) మీదికీ ఎక్కిస్తారు. ఒక్కొక్క కంటైనర్‌నూ తూకం వేశాకే అది విమానంలో ఎక్కడ ఉండాలో నిర్ణయిస్తారు; బరువు ముందుకో వెనక్కో ఎక్కువగా మొగ్గితే విమానం అదుపు తప్పే ప్రమాదం ఉంది. సీట్లు లేని ప్రధాన అంతస్తులో నేలకు రోలర్లు, తాళాలు అమర్చి ఉంటాయి కనుక పక్కనున్న పెద్ద తలుపు గుండా కంటైనర్లను చకచకా లోపలికి నెట్టి బిగించవచ్చు. ఒక్క విమానం ఆలస్యమైతే దాని సరుకు కోసం ఎదురుచూసే మిగతా విమానాలూ, తెల్లవారుజామున బయలుదేరవలసిన వ్యాన్లూ ఆగిపోతాయి.

ఈ వ్యాపారంలో నిలదొక్కుకోవడం కష్టం. ఎయిర్ డెక్కన్ వ్యవస్థాపకుడు కెప్టెన్ గోపీనాథ్ 2009లో నాగపూర్ కేంద్రంగానే ప్రారంభించిన సరుకు విమాన సంస్థ డెక్కన్ 360 ఎంతో కాలం సాగలేదు. ప్రయాణికుడు వెళ్ళిన ఊరి నుంచి సాధారణంగా తిరిగి వస్తాడు, సరుకు రాదు. అందువల్ల ఒకవైపు నిండుగా వెళ్ళిన విమానం తిరుగు ప్రయాణంలో సగం ఖాళీగా వచ్చినా ఇంధనానికీ, సిబ్బందికీ, విమానాశ్రయ రుసుములకూ ఖర్చు తప్పదు.