సర్వే ట్యాబ్‌లోకి ఎక్కకముందే ఆంత్రోపాలజిస్టు కావాలి

ఏయూలో ఆంత్రోపాలజీ (మానవ సమాజాల అధ్యయనం) పీజీ చేస్తున్నానని, అంతర్జాతీయ అభివృద్ధి పరిశోధనల్లో స్టాటిస్టిక్స్ వాళ్లకే పిలుపులొస్తున్నాయని, మనకేం పని ఉంటుందని అడిగారు. చాలా పని ఉంటుందండి. అదీ మొదట్లోనే, ప్రశ్నలు రాసే రోజుల్లో.

పాడేరు వైపు ఒక ఇల్లు తీసుకోండి. ట్యాబ్‌లో మొదటి ప్రశ్న: "మీ కుటుంబంలో ఎంతమంది?" ఒకే కప్పు కింద తల్లిదండ్రులు, ఇద్దరు చిన్నపిల్లలు, పెళ్లయిన కొడుకు, కోడలు. కొడుకు పొయ్యి వేరు, గింజలు వేరు. రేషన్ కార్డు మాత్రం ఒక్కటే. కార్డు చూసి చెబితే ఆరుగురు, పొయ్యి చూసి చెబితే నలుగురో ఇద్దరో. తలసరి లెక్కలన్నీ ఈ అంకెతోనే భాగిస్తారు. అందుకే "ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లెవరు?" అని అడగాలి, లోపలికెళ్లి పొయ్యిలు చూడాలి.

తర్వాత "చోళ్లు (రాగులు) ఎన్ని కిలోలు పండాయి?" అంటారు. ఇంట్లో ఉన్నది గింజలు కొలిచే కుంచం. కుంచానికి నాలుగు మానికలని పుస్తకాల్లో ఉంటుంది గానీ, ఒక ఇంటి కుంచం ఇంకో ఇంటి కుంచంతో సరిపోదు. పైగా చోళ్లు, పొట్టు తీయని సామలు ఒకే కుంచంలో పోసినా బరువు తేడా వస్తుంది. ఆఫీసులో ఒకే అంకెతో గుణిస్తే దిగుబడి మొత్తం తప్పే. స్ప్రింగ్ త్రాసు పట్టుకెళ్లండి. ఆ ఇంటి కుంచం, ఆ ఇంటి గింజ. అంచుకు సమంగా పోసి మూడుసార్లు, గోపురంలా పోసి మూడుసార్లు తూచి సగటు రాయండి. వాళ్లు కొలిచేది ఏ పద్ధతిలోనో కూడా రాయండి. ఊరికి ఐదారు ఇళ్లు చాలు.

జాలరిపేటలో చిక్కు వేరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మే నెలలో వెళ్లి "గత 30 రోజుల ఆదాయం" అడిగితే ఏడాదంతా పస్తులున్నట్టే తేలుతుంది. మామూలు రోజుల్లోనైనా డీజిల్, ఐసు ఖర్చు పోయాకే బోటుకు, వలకు, మనుషులకు వాటాలు. చేపలమ్మిన డబ్బు ఆడవాళ్ల చేతిలో ఉంటే మగవాళ్లనొక్కళ్లనే అడగడమేంటి?

నాకు నిజంగా బాధ కలిగించేది, సర్వేకి ఒప్పుకుంటున్నట్టు తీసుకునే సమ్మతి పత్రం. కువి అనే గిరిజన భాష మాట్లాడే అమ్మకు గ్రాంథిక తెలుగు చదివి వినిపిస్తారు, తలూపగానే టిక్కు పెడతారు. ఒకరితో కువిలోకి మార్పించి, అసలు పత్రం చూడని ఇంకొకరితో తిరిగి తెలుగు చేయించండి. తేడా అక్కడే బయటపడుతుంది.

అభివృద్ధి పనుల్లో సమాజాన్ని చదివినవాళ్లు ఉండాలన్నది కొత్త వాదన కాదు. ప్రపంచ బ్యాంకు 1974లోనే మైకేల్ సెర్నియా అనే సోషియాలజిస్టును తీసుకుంది, 1980లో నిర్వాసితుల పునరావాస విధానం తెచ్చింది. ఇప్పటికీ మనవాళ్లను పిలిచేది మాత్రం చివర్లో, అంకెలకు అర్థం చెప్పమని.

ఇంటర్వ్యూకెళ్తే ముందు ట్రయల్‌గా చేసే పైలట్‌కీ అసలు సర్వేకీ మధ్య ఎన్ని రోజులున్నాయో ముందే అడగండి. పదిహేను రోజులైనా లేకపోతే మీరు కనిపెట్టిన తప్పులు దిద్దే వ్యవధి వాళ్ల దగ్గర లేదన్నమాటే.