మోడరన్ కృష్ణుణ్ణి పూజగదిలో పెట్టొచ్చా?

మీరు అడిగినవి రెండు. మీ ఆయన ఎగ్జిబిషన్‌లో కొన్న మోడరన్ కృష్ణుణ్ణి చూస్తే భక్తి ఎందుకు కలగడం లేదు, లోపం మీదేనా అని ఒకటి. దాన్ని పూజగదిలో పెట్టొచ్చా అని ఇంకొకటి. నేను ఆర్టిస్టుని కాను. నెల్లూరు చిన్నబజారు దగ్గర సందులో మా నాన్న పెట్టిన పటాలు కట్టే షాపు నడుపుతున్నాను. ముప్పై ఏళ్లుగా దేవుళ్లకు అద్దాలు బిగిస్తున్న అనుభవంతో చెబుతున్నాను. శాస్త్రం సంగతి అయ్యవార్లను అడగండి.

షాపుకి ఎవరు ఏ బొమ్మ తెచ్చినా కొలతకంటే ముందు నేనడిగేది, "పూజగదికా, హాల్లోకా?" అని. జొన్నవాడ కామాక్షమ్మ, మన రంగనాయకుల స్వామి పటాలైతే ఆ మాట కూడా అక్కర్లేదు, దండ వేసుకోవడానికి పైన కొక్కేలు కొట్టేస్తాను. మాగుంట లేఅవుట్ వైపు కొత్త అపార్టుమెంట్ల వాళ్లు తెచ్చే బొమ్మలతోనే తంటా. అందులో ఉన్నదీ దేవుడే, కానీ "కొక్కేలు వద్దండీ, చుట్టూ తెల్ల అట్ట మౌంటు వేసి సన్న బీడింగు ఫ్రేము కట్టండి" అంటారు.

మనం పాతకాలపు పటం అనుకునేది కూడా ఒకప్పుడు మోడరనే. చీర కట్టుకుని తామర మీద నిలబడ్డ లక్ష్మీదేవి మనందరి కళ్లలో ఉంది కదా, ఆ రూపాన్ని ఇంటింటికీ చేర్చింది రవివర్మ. తెల్లవాళ్ల ఆయిల్ పెయింటింగు పద్ధతిలో దేవుళ్లను వేసి, 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టాడు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి మీద బొమ్మ గీసి అచ్చు వేసేవాళ్లు. తర్వాత ఆ ప్రెస్సును అందులో పనిచేసిన జర్మన్ టెక్నీషియన్‌కే అమ్మేశారు. గుడి గడప తొక్కనివ్వని వాళ్ల ఇళ్లలోకి కూడా ఆ కాగితం మీద దేవుడు వెళ్లాడు. నా దృష్టిలో రవివర్మ చేసిన అసలు పని అది. బొమ్మ బాగుందా, నాటకంలో వేషాల్లా ఉందా అన్నది తర్వాతి మాట.

ఆ రవివర్మ పటంతోనే నేనొక తప్పు చేశాను. షాపు నా చేతికొచ్చిన కొత్తలో కోవూరు నుంచి ఒక పెద్దావిడ సరస్వతి పటం తెచ్చింది. చెదలు వెనక అట్ట తినేశాయి. బొమ్మ మీద చీర ఉన్నచోట జరీ ముక్కలు, చమ్కీలు, పూసలు అంటించి ఉన్నాయి, జిగురు నల్లబడింది. నేను పనితనం చూపిద్దామని అవన్నీ జాగ్రత్తగా ఊడదీసి, రెడీమేడ్ ఫ్రేములో పట్టడానికి కింది అంచు కూడా కోసేశాను. ప్రెస్సు పేరు ఉండేది ఆ అంచు మీదే! ఆవిడ వచ్చి చూసి, "మా అత్త కట్టిన చీర ఇప్పేసినావేందయ్యా" అంది. తిట్టలేదు. డబ్బులు ఇవ్వబోతే నేనే తీసుకోలేదు. ప్రెస్సు పేరు పోయిందని పాతపటాలు కొనే ఒకాయన తర్వాత బాధపడ్డాడు గానీ, ఆవిడకి ఆ పేరుతో పనేముంది?

పటాన్ని భక్తి పటం చేసేదేమిటో నాకు అప్పుడు కొంచెం అర్థమైంది. ఆ అత్తగారు సూదీ జరీ పట్టుకుని ఎన్ని మధ్యాహ్నాలు ఆ బొమ్మ ముందు కూర్చుందో. ఎగ్జిబిషన్ బొమ్మను మనం ముట్టుకోకూడదు, దూరం నుంచి చూసి పక్కకు జరగాలి.

ఇంకోటి కళ్లు. శివకాశి క్యాలెండర్ దేవుడు ఏ పని చేస్తున్నా మనవైపే చూస్తుంటాడు. గుళ్లో విగ్రహానికి అన్నీ అయ్యాక చివర్లో కళ్లు తెరిపించేది కూడా ఆ చూపు కోసమే కదా. మంజిత్ బావా అనే మోడరన్ ఆర్టిస్టు వేసిన కృష్ణుణ్ణి చూడండి. చదునైన ఒకే రంగు మధ్య ఎముకల్లేనట్టు మెత్తగా వంగిన ఒళ్లు, చేతిలో మురళి, చుట్టూ ఆవులకు బదులు కుక్కలు. ఆ కుక్కల మీద గొడవ కూడా అయింది. ఆ కృష్ణుడు తన పాటలో తానున్నాడు, మనతో పనిలేదు. బావా స్వయంగా మురళి నేర్చుకున్న మనిషి. రజా అనే ఇంకో ఆర్టిస్టయితే రూపమే తీసేసి నల్లటి బిందువు పెట్టాడు. చిన్నప్పుడు మనసు నిలవడానికి మాస్టారు గోడ మీద చుక్క పెట్టి చూడమన్నాడట, అక్కణ్ణించి వచ్చిందది. ఇవన్నీ వాళ్ల సాధన. మీకు భక్తి కలగకపోతే వాళ్ల తప్పూ లేదు, మీ లోపమూ లేదు.

అలాగని మోడరన్ అంటే పూజకు పనికిరాదని కాదు. బెంగాలీ ఆర్టిస్టు జామినీ రాయ్ కలకత్తాలో ఆయిల్ పెయింటింగు నేర్చుకుని, దాన్ని వదిలేసి పల్లె పటాల దారి పట్టాడు. చింతగింజల జిగురు కలిపిన రంగులతో, ఇంతింత కళ్లతో దేవుళ్లను వేశాడు. మన బాపు రాముడు ఎంత సన్నటి గీత! ఆ రాముడికి కొక్కేలు కొట్టించుకుని తీసుకెళ్లినవాళ్లు నా దగ్గరే చాలామంది.

మీరు రాసినదాన్ని బట్టి మీ కృష్ణుడు కళ్లు మూసుకుని పక్కకి తిరిగి ఉన్నాడు. నేనైతే హాల్లోనే పెడతాను, ఎండ నేరుగా పడని గోడకి. మీ అత్తగారికి బొట్టు పెట్టాలనిపిస్తే మాత్రం అడ్డుకోకండి. కాకపోతే కాన్వాస్ మీద నేరుగా పెట్టనివ్వొద్దు, నూనె దిగిందంటే ఆ మరక పోదు. అద్దం వేయించండి. బొమ్మకీ అద్దానికీ మధ్య కాస్త ఖాళీ వదలమని కట్టేవాడికి గట్టిగా చెప్పండి, లేకపోతే వానాకాలం చెమ్మకి రంగు అద్దానికి అంటుకుంటుంది.