డెవలపర్ చేతిలో ఉన్న హెచ్‌ఓఏ బోర్డులో ఇంటి యజమానులకు చోటు ఎప్పుడు?

డాలస్‌కి ఉత్తరాన కొత్త సబ్‌డివిజన్, ఇళ్లు చాలావరకు నిండాయి, అయినా హెచ్‌ఓఏ (ఇంటి యజమానుల సంఘం) బోర్డులో ముగ్గురూ డెవలపర్ మనుషులే, చెప్పాపెట్టకుండా డ్యూస్ (సంఘానికి కట్టే రుసుము) పెంచారు, మాకు ఓటు ఎప్పుడొస్తుంది అని ఒకరు అడిగారు. మేం కాలిన్ కౌంటీలో ఇదే దశ దాటి వచ్చాం కాబట్టి రాస్తున్నాను.

ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. ఫ్లోరిడాలో 90 శాతం అమ్ముడైన మూడు నెలలకి బోర్డులో మెజారిటీయే యజమానులకి వస్తుంది. టెక్సస్‌లో అంత లేదు. ప్రాపర్టీ కోడ్ 209వ అధ్యాయం ప్రకారం 75 శాతం లాట్లు (ఇంటి స్థలాలు) యజమానుల పేరు మీదకి మారాక 120 రోజుల్లోపు కనీసం మూడోవంతు సభ్యుల్ని మనం ఎన్నుకోవాలి. ముగ్గురి బోర్డులో అంటే ఒక్కరు.

ఆ 75 శాతం దేంట్లో అన్నదే అసలు చిక్కు. మొత్తం ఎన్ని లాట్లు రావచ్చని డిక్లరేషన్‌లో, అంటే డెవలపర్ కౌంటీలో రికార్డు చేసిన నిబంధనల పత్రంలో, రాశారో అన్నీ లెక్కలోకొస్తాయి, ఇంకా గడ్డి మొలిచి ఉన్న చివరి ఫేజ్‌తో సహా. ఇల్లు కట్టి అమ్మడానికి బిల్డర్ కొనిపెట్టుకున్న లాట్లు అమ్ముడైనట్టు కాదు. మా వీధులన్నీ నిండినా శాతం సరిపోలేదు, ఎందుకంటే వెనకున్న పొలాన్ని తర్వాత కలుపుకునే హక్కు డెవలపర్ అట్టిపెట్టుకున్నాడు. సంఖ్యే రాయకపోతే డిక్లరేషన్ రికార్డైన పదేళ్లలోపు ఆ మూడోవంతు ఇచ్చి తీరాలి.

కాబట్టి ముందు డిక్లరేషన్, దాని సవరణలన్నీ తెచ్చుకోండి. కౌంటీ క్లర్క్ రికార్డుల్లో దొరుకుతాయి. ఓట్ల గురించిన భాగం నిదానంగా చదవండి, డెవలపర్‌కి లాటుకి ఒకటి కంటే ఎక్కువ ఓట్లు రాసుకోవడం మామూలే. బోర్డు పగ్గాలు పూర్తిగా ఎప్పుడు చేతికొస్తాయో కూడా అందులోనే ఉంటుంది, చట్టం హామీ ఇచ్చేది మూడోవంతు వరకే.

డ్యూస్ విషయంలో మీకు పట్టు ఉంది. డెవలపర్ హయాంలో చాలా బోర్డు మీటింగులకి మనల్ని పిలవక్కర్లేదు. కానీ డ్యూస్ పెంచడానికి, స్పెషల్ అసెస్‌మెంట్ వేయడానికి, నిబంధనల పత్రాలు మార్చడానికి పెట్టే మీటింగుకి ముందుగా నోటీసివ్వాలి, అందరి ముందూ జరపాలి. ఆ మీటింగ్ మినిట్స్ అడగండి. హెచ్‌ఓఏ వెబ్ పోర్టల్లో అడిగితే మాకు నెలల తరబడి జవాబే లేదు. మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్‌లో (హెచ్‌ఓఏ వివరాలతో రికార్డు చేసే పత్రం) ఉన్న చిరునామాకి సర్టిఫైడ్ మెయిల్ వెళ్లాకే కాగితాలు కదిలాయి. అలా అడిగితే 10 పనిదినాల్లో స్పందించాలని చట్టం.

మినిట్స్‌తో పాటు లెక్కలూ అడగండి, నా దృష్టిలో బోర్డు సీటు కన్నా ఇదే ముఖ్యం. ఇళ్లు అమ్ముకోవాలి కదా, అందుకని మొదటి ఏళ్లలో డ్యూస్ తక్కువ పెట్టి లోటు డెవలపరే పూడుస్తుంటాడు. ఆ డబ్బు ఊరికే ఇచ్చాడా, హెచ్‌ఓఏకి అప్పుగా రాశాడా అన్నది చూడాలి. అప్పైతే రేపు తీర్చేది మనమే. పెద్ద మరమ్మతుల కోసం దాచే రిజర్వ్ ఖాతాలో ఎంతుందో కూడా కనుక్కోండి. డెవలపర్ మాకు బోర్డు అప్పగించేనాటికి అందులో దాదాపు ఏమీ లేదు, పూల్ పంపు, చెరువు గట్టు, స్ప్రింక్లర్ లైన్లు అన్నీ మరమ్మతుకొచ్చి ఉన్నాయి. డ్యూస్ పెంచక తప్పలేదు, తిట్లు తిన్నది మాత్రం కొత్తగా ఎన్నికైన మన పొరుగువాళ్లు. పాపం, జీతం లేని పని అది. అందుకే అప్పగింతకి ముందే ఒక ఇంజినీరుతో కామన్ ఏరియాలన్నీ చూపించి, లోపాల జాబితా డెవలపర్ చేతికివ్వండి. ఇంటింటికీ కొంచెం వేసుకుంటే ఆ ఖర్చు పెద్ద భారం కాదు.

ఇంకో మాట. మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎంత మాట్లాడుకున్నా మిగతా ఇళ్లవాళ్లకి తెలియదు. తలుపు తట్టి అందరినీ కలపండి, లేకపోతే ఎన్నిక రోజున కోరమే రాదు. ఇండియా వెళ్లినవాళ్లు ప్రాక్సీతోనో (తమ బదులు ఇంకొకరు ఓటేసేలా) ఆబ్సెంటీ బ్యాలెట్‌తోనో (మీటింగుకి రాకుండానే పంపే బ్యాలెట్) ఓటెయ్యొచ్చు, ఏది కుదురుతుందో నోటీసులో చూడండి.

డిక్లరేషన్ రికార్డైన తేదీ, అందులోని లాట్ల సంఖ్య, ఇప్పటికి క్లోజింగ్ అయిన ఇళ్లెన్నో ఇక్కడ రాస్తే మీ శాతం ఎంతో చూసి చెప్తాను.