టీమ్ లీడ్ అయ్యాక "మీరు మారిపోయారు" అంటున్నారు. నాలో ఏం మారిందో ఎలా తెలుసుకోవాలి?

మీ ప్రశ్న చదివితే నా పాత రోజులు గుర్తొచ్చాయి. లీడ్ అయి ఎనిమిది నెలలైంది, నిన్నటిదాకా కలిసి టీ తాగినవాళ్ళే మీరు రాగానే మాటలు ఆపేస్తున్నారు, ఒకరు మాత్రం "మీరు మారిపోయారు" అనేశారు. ఏం మారిందో మీకు అంతుపట్టడం లేదు. నాకూ అప్పట్లో అంతుపట్టలేదు. తెలిసేసరికి ఒక బ్యాచ్ మందు హోల్డ్‌లోకి వెళ్ళింది, అంటే బయటికి పంపకుండా ఆపేశారు.

నేను హైదరాబాద్ శివార్లలోని ఒక టాబ్లెట్ల ప్లాంట్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జ్‌గా చేశాను. నా కింద 14 మంది. మా పనిలో మందు పొడిని జల్లించే ముందు ఒకసారి, జల్లించాక ఇంకోసారి జల్లెడ చూసి, బాగుందని బ్యాచ్ రికార్డులో రాయాలి. తీగ ఒక్కటి తెగినా ఆ ముక్క పొడిలో కలిసి ఉండొచ్చు. అందుకే వెంటనే పని ఆపి, ఇన్‌చార్జ్‌కి, క్యూఏకి (నాణ్యత చూసే విభాగానికి) చెప్పాలి. తినేది రోగులు కదా.

ఒక నైట్ షిఫ్ట్‌లో రెండు గంటలకి మా ఆపరేటర్‌కి జల్లెడ అంచున తీగ తెగి కనిపించింది. పొడిని పక్కన పెట్టాడు, జల్లెడని విడిగా ఉంచాడు. నాకు మాత్రం చెప్పలేదు. పొద్దున ఆరింటికి తర్వాతి షిఫ్ట్ ఇన్‌చార్జ్ రాగానే ఆయనకి చెప్పాడు. విచారణలో క్యూఏ వాళ్ళు "నాలుగు గంటలు ఎందుకు ఆగావు?" అని అడిగారు. "సార్ టెన్షన్‌లో ఉన్నారు. అప్పుడు చెబితే తిడతారని..." అన్నాడు. నేను అదే గదిలో కూర్చుని ఉన్నాను.

నేనెప్పుడు తిట్టాను? నాకు మొదట వచ్చిన ఆలోచన అదే. గొంతు పెంచి మాట్లాడటం నాకు అలవాటు లేదు. రెండు రోజులు అతని మీద కోపంతోనే తిరిగాను.

మూడో రోజు ఇంట్లో భోంచేస్తుంటే ప్లాంట్ నుంచి ఫోన్ వచ్చింది. పెట్టేశాక మా ఆవిడ అంది: "అక్కడినుంచి ఎవరు చేసినా మీ నోటివెంట మొదట వచ్చేది ఒకటే మాట. 'మళ్ళీ ఏమైంది?' అంటారు."

ఆ మాట గురించి ఆ రాత్రంతా ఆలోచించాను. "ఏమైంది" అని అడిగితే అవతలి మనిషి జరిగింది చెబుతాడు. దాని ముందు "మళ్ళీ" చేరిస్తే, ఇది మొదటిసారి కాదని, తప్పు నీదేనని, నేను విసిగిపోయి ఉన్నానని అతనికి వినిపిస్తుంది. దానికి గొంతు పెంచక్కర్లేదు. రోజుకి ఎన్నిసార్లు అంటున్నానో మర్నాడు లెక్కపెట్టాను. ఒక్క షిఫ్ట్‌లో తొమ్మిదిసార్లు.

1955లో జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు నాలుగు గళ్ళ బొమ్మ ఒకటి గీశారు. ఇద్దరి పేర్లూ కలిపి దాన్ని జోహారి విండో అంటారు. అందులో ఒక గడి మన గురించి ఎదుటివాళ్ళకి తెలిసి, మనకి తెలియని విషయాలది. ట్రైనింగుల్లో ఆ బొమ్మ నేను చాలాసార్లు చూశాను. నా గడిలో ఏముందో చూపించింది మాత్రం మా ఆవిడ, ఆ ఆపరేటర్. అది మన ఆలోచనకి అందేది కాదు కాబట్టే ఆ గడిలో ఉంది. అందుకే "ఒంటరిగా కూర్చుని మిమ్మల్ని మీరు విశ్లేషించుకోండి" అనే సలహా నేను మీకు ఇవ్వను. నేను డైరీ రాసి చూశాను. ఈరోజు ఎందుకు కోపం వచ్చింది అని రాసుకుంటే, ప్రతి పేజీలో కారణం ఇంకొకరే అయ్యారు. తర్వాత ఆ ప్రశ్న మానేసి రెండే రాసుకున్నాను: నేను అన్న మాట ఏది, అది విన్నాక అతను ఏం చేశాడు. అది పనికొచ్చింది. నేను మాట్లాడాక ఎవరు తల దించుకున్నారు, ఎవరు సగంలో ఆపేసి "ఏం లేదు సార్" అన్నారు, అన్నీ అందులో కనిపించాయి.

హెచ్ఆర్ వాళ్ళ ఫీడ్‌బ్యాక్ ఫారాలతో నాకు ప్రయోజనం కలగలేదు. 14 మంది ఉన్న షిఫ్ట్‌లో పేరు రాయకపోయినా ఎవరు రాశారో తెలిసిపోతుందని అందరికీ భయం. "నా పద్ధతి ఎలా ఉంది?" అని నేరుగా అడిగితే "బాగుంది సార్" తప్ప ఇంకో జవాబు రాదు. నేను చివరికి పట్టుకున్న ప్రశ్న ఇది: "ఈ వారం నాకు చెప్పాలనుకుని ఆగిపోయిన విషయం ఏదైనా ఉందా?" మూడు వారాలు ఎవరూ నోరు విప్పలేదు. నాలుగో వారం, నాకంటే పన్నెండేళ్ళు పెద్దవాడైన ఒక ఆపరేటర్, నేను అన్నా అని పిలిచే మనిషి, నెమ్మదిగా చెప్పాడు: "సార్, తెల్లవారుజామున మీరు రికార్డులు చూస్తున్నప్పుడు మీ దగ్గరికి ఎవరూ రారు."

నిజమే. షిఫ్ట్ అప్పగించేలోపు సంతకాలన్నీ అయిపోవాలన్న హడావుడి, నాలుగింటికి వచ్చే నిద్రమత్తు, రెండూ ఒకే టైంలో పడేవి. నా స్వభావాన్ని ఒక్కరోజులో మార్చుకోలేను గానీ రికార్డులు చూసే వేళ మార్చుకోగలను. ఒకేసారి కుప్పగా చూడటం మానేసి, రాత్రి పన్నెండు నుంచే కొన్ని కొన్ని చూడటం మొదలుపెట్టాను. "మళ్ళీ ఏమైంది" స్థానంలో "చెప్పు" అనడం అలవాటు చేసుకున్నాను. అది నోటికి అలవాటయ్యేసరికి రెండు నెలలు పట్టింది.

ఆ తర్వాత ఒక ఇబ్బంది వచ్చింది, మీకూ రావచ్చు. నా షిఫ్ట్‌లో డీవియేషన్లు, అంటే తేడా జరిగిందని రాసిచ్చే రిపోర్టులు, పెరిగాయి. నెలకి ఒకటో రెండో వచ్చేచోట ఆరు వచ్చాయి. మేనేజర్ పిలిచి అడిగారు. అప్పుడు నాకు అండగా నిలిచింది హార్వర్డ్ ప్రొఫెసర్ ఏమీ ఎడ్మండ్‌సన్ 1996లో ప్రచురించిన అధ్యయనం. ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను ఆవిడ పరిశీలించారు. మంచి టీముల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే, లెక్కల్లో ఎక్కువ కనిపించాయి. అక్కడివాళ్ళు భయపడకుండా బయటికి చెబుతున్నారు కాబట్టి ఎక్కువ బయటపడుతున్నాయని ఆవిడకి అర్థమైంది. మా మేనేజర్‌కి అదే చెప్పాను, ఏ రిపోర్ట్ ఎన్ని నిమిషాల్లో నా దగ్గరికి వచ్చిందో కూడా చూపించాను. ఆయన ఇంకేం అనలేదు.

జల్లెడ సంగతి దాచిన ఆపరేటర్‌కి నేను క్యాంటీన్‌లో సారీ చెప్పాను. "పర్లేదు సార్" అని లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అయిదు నెలలు నాతో పని మాటలే మాట్లాడాడు. ఒకరోజు రాత్రి మూడింటికి తనే ఫోన్ చేసి, "సార్, నా తప్పే, స్పీడ్ సెట్టింగ్ తప్పు పెట్టాను, మెషిన్ ఆపేశాను" అన్నాడు. ఆ ఫోన్ కోసం నేను అయిదు నెలలు ఎదురుచూశాను.

మీ సంగతికి వస్తే, "మారిపోయారు" అన్న మనిషి మీకు ఉన్నారు, అది వదులుకోకండి. మాట్లాడటం ఆపేసినవాళ్ళ కంటే ముందు ఆ మనిషినే టీకి పిలవండి. ఏ రోజు, ఏ సందర్భంలో, నేను ఏ మాట అన్నప్పుడు అలా అనిపించింది అని అడగండి. వాళ్ళు చెప్పాక మీ వైపు కారణాలు గుర్తొస్తాయి, అవి నిజం కూడా అయి ఉండొచ్చు. ఆ రోజుకి మాత్రం వాటిని చెప్పకండి. విని, థ్యాంక్స్ చెప్పి, ఆ మాట రాసుకోండి.